ఇంజను మీద మూడు బకెట్ల మంచినీళ్లు

నా చిన్నప్పుడు మా కళింగపట్నంలో సముద్రపు ఒడ్డు నుంచి ఇంటికొచ్చిన ప్రతిదానికీ మంచినీళ్ల స్నానం తప్పేది కాదు. కాళ్లకి, బుట్టలకి, కత్తిపీటకి, ఆఖరికి నాన్న సైకిలుకి కూడా. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుందని మా అమ్మ భయం. అందుకే నీళ్లు పోస్తే చెడిపోయే వస్తువు ఒకటి లోకంలో ఉంటుందని పదేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఒక పాత టాక్సీ నడిపేవాడు. తెల్లవారుతూనే ఎండుచేపల బుట్టలు వేసుకెళ్లి దగ్గర్లోని గార ఊళ్లో దింపి వచ్చేవాడు. ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కించుకునేవాడు. నా పదో ఏట ఒక రోజు పక్కింటి అక్కకి శ్రీకాకుళంలో టీచర్ ట్రైనింగు ఇంటర్వ్యూ. మా వీధిలో అంతవరకు చదివిన ఆడపిల్ల తనొక్కతే. బస్సులో గంజి పెట్టిన చీర నలిగిపోతుందని మావయ్యే దింపుతానన్నాడు. నాకు మాత్రం ఒకటే దిగులు, అక్క చీరకి ఆ బండి చేపల వాసన అంటుకుంటుందని. నాకు అక్క అంటే అంత ప్రాణం.

మావయ్య గార నుంచి వచ్చి, బానెట్టు ఎత్తి పెట్టి, చద్దన్నం తినడానికి లోపలికి వెళ్లాడు. ఇంజను ఇంకా వేడిగా చిటపటలాడుతోంది. చేపల వాసన ఆ వేడిలోంచే వస్తోందనుకుని, నేను నూతి దగ్గరకి పరుగెత్తి మూడు బకెట్లు తోడి తెచ్చి దాని మీద కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. అప్పుడే వచ్చిన లేత ఎండ ఆ ఆవిరిలో పడి వీధంతా తెల్లగా, మెత్తగా అయిపోయింది. కొబ్బరిచెట్లు మొదళ్లు లేకుండా పైన తేలుతున్నట్టు కనిపించాయి. అలల చప్పుడు ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టుంది. ఆ తెలుపు మధ్య నిలబడి, ఎంత గొప్ప పని చేశానో అని మురిసిపోయాను. అంత అందంగా మళ్లీ ఏ తప్పూ చేయలేదు. బానెట్టు మూసి, బకెట్టు ఎక్కడిదక్కడ పెట్టి, వాసన పోయిందని అక్కే మెచ్చుకోవాలని, ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చున్నాను.

అక్క సర్టిఫికెట్లు గుండెకి హత్తుకుని వచ్చి కూర్చుంది. మావయ్య తాళం తిప్పితే బండి మూలిగిందే గానీ అంటుకోలేదు. బానెట్టు ఎత్తి చూశాడు. పైతడి వేడికి ఆరిపోయింది, లోపలి తడి కంటికి కనపడేది కాదు. పెట్రోలు చూశాడు, బ్యాటరీ చూశాడు.

"ఒసే గుంటా, దీన్ని ఎవులైనా ముట్టుకున్నారేటే?" అని నన్ను అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

అంతలో శ్రీకాకుళం బస్సు వచ్చి మలుపు దగ్గర ఆగింది. అక్క లేవబోయింది. "ఉండమ్మా, రెండు నిమిషాల్లో అంటుకుంటాది" అన్నాడు మావయ్య. నిజం తెలిస్తే ఆ మాట అనేవాడు కాదు. నేను బస్సు వైపే చూస్తూ అరుగు మీదే కూర్చున్నాను. బస్సు వెళ్లిపోయింది. ఇంకో బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు.

అరగంట గడిచింది. అక్క కళ్లలో నీళ్లు చూశాక ఇక ఆగలేకపోయాను. మావయ్య చొక్కా పట్టుకుని, "నీల్లు పోసాను మావా" అన్నాను. నా వీపు విమానం మోతే అనుకున్నాను. మావయ్య మాత్రం, "ఎక్కడ పోసినావో సూపించు" అన్నాడు, అంతే. నేను వేలు పెట్టిన చోట, ప్లగ్గులకి కరెంటు పంచే నల్లమూత విప్పి, లోపలి తడి పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి బిగించాడు. బండి కదిలింది. కానీ వాళ్లు చేరేసరికి అక్క పేరు పిలవడం అయిపోయింది. వచ్చే ఏడాది రమ్మన్నారట.

సాయంత్రం అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "ఏడవకే. నా మంచికనే కదా పోసినావు. ఆ బస్సొచ్చినప్పుడు సెప్పుంటే మాత్రం ఎల్లిపోదును" అంది. గొంతులో కోపం లేదు. నాలుగు దెబ్బలు వేసినా నాకు అంత నొప్పి పుట్టేది కాదు.

ఆదివారం మావయ్య పిలిచాడు. బండి దరిదాపులకి రావద్దంటాడేమో అనుకున్నాను. నా చేతిలో పొడిగుడ్డ పెట్టాడు. "ముందు సల్లారనీ. వేడి ఇనుము మీద సన్నీల్లు పడితే పగిలిపోద్ది, ఆవిరికి నీ మొకం కాలిపోద్ది" అన్నాడు. బ్యాటరీ తీగ విప్పించాడు. నల్లమూతకి, గాలి పీల్చే గొట్టానికి ప్లాస్టిక్ కవర్లు కట్టించాడు. పొడి దుమ్ము బ్రష్షుతో దులిపాక, సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవమన్నాడు. మళ్లీ పొడిగుడ్డ పట్టాక, కవర్లు విప్పి, బానెట్టు ఎండకి తెరిచి ఉంచి, పూర్తిగా ఆరాకే తీగ బిగించి బండి తీశాడు. "ఇంక ఈ పని నీదే" అన్నాడు. చెడగొట్టినదాన్ని నా చేతికే అప్పగించినందుకు వెక్కివెక్కి ఏడ్చాను.

ఏడాది పాటు ప్రతి ఆదివారం తుడిచాను. రెండోసారి ఇంటర్వ్యూకి బండి తాళం తిప్పగానే అంటుకుంది. అక్కకి సీటు వచ్చింది, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది.

ఇప్పుడు విజయనగరంలో నా కారు ఇంజను నేనే తుడుచుకుంటాను. ఈ కాలం బళ్లలో తీగలు మరీ ఎక్కువ, ఏవి తడవకూడదో పుస్తకం చూసి మరీ కవర్లు కడతాను. ఈ ముసలిదానికి ఇదేం సరదా అని చుట్టుపక్కలవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

నా వల్ల ఏదైనా చెడితే మాత్రం ఎవరూ అడగకముందే చెప్పేస్తాను. అది ధైర్యమనుకుంటారు జనం. ధైర్యమూ కాదు, పాడూ కాదు. అక్క చదువు ఆగిన ఆ ఏడాదంతా, ఖర్చులకని తను ఊరివాళ్ల జాకెట్లు కుడుతున్న కుట్టుమిషను చప్పుడు పక్కింటి కిటికీలోంచి వింటూ పెరిగాను. నేనొక మాట దాచుకుంటే ఇంకొకరికి ఎన్ని జాకెట్ల పని పడుతుందో నా చెవులకి తెలుసు.