విశాఖకు గంట

తొంభైల్లో నేను యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ తార్నాకలో రెండు గదుల వాటాలో ఉండేవాణ్ణి. మా మేనత్త నా దగ్గరే ఉండేది. దొరల కోటలాంటి గడీలో పుట్టిన మనిషి. గడీ పోయాక కూడా ఆమె గోడకు వీపు ఆనించి కూర్చోగా నేను చూడలేదు. ఆమెకు ఒక్కతే చెల్లెలు, విశాఖలో కాపురం. పదిమందిలో ఒరుసుకుంటూ రాత్రంతా రైల్లో వెళ్లడం అత్తకు చేతకాదు. ఏళ్ల తరబడి అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకోలేదు.

చెల్లెలు ఆస్పత్రిలో ఉందనీ, చూడాలంటే వెంటనే రమ్మనీ ఒక ఆదివారం ఇంటివాళ్లకు ఫోన్ వచ్చింది. మర్నాడు నేను విమానం టికెట్లు తెచ్చి, వస్తున్నామని విశాఖకు ఫోన్ చేశాను.

“ఎంతసేపు పడ్తది బిడ్డా?”

“గంట, అత్తా.”

“పరాచికాలాడకు. గంటల మన బండి ఊరే దాటకపోయేది.”

“గాలిలో అయిదువందల కిలోమీటర్లు ఉంటది. గంటకు అటూ ఇటూ.”

ఆమె టికెట్లు చేతిలోకి తీసుకుంది.

“అయితే ఇన్నేండ్లు నా చెల్లె గంట దూరంల ఉన్నదా?”

విమానం మంగళవారం. మా ఇంట్లో మంగళవారం ఎవరూ ప్రయాణం కట్టరు. అందుకని అత్త సోమవారం సాయంత్రమే పరస్థానం పెట్టింది. మంచి ఘడియలో సామాను ఒకటి వేరేవాళ్ల ఇంట్లో ఉంచి, మర్నాడు అక్కణ్ణుంచే బయలుదేరడమన్నమాట. క్యాంపస్ క్వార్టర్స్‌లో నాతో పనిచేసే ఆయన ఇంట్లో పెట్టె ఉంచాం. టికెట్టు లేని పెట్టె ప్రయాణం కిందికి రాదని ఆమె రెండు టికెట్లూ అందులోనే పెట్టింది.

మర్నాడు వెళ్లేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఆయన పొద్దున్నే ఊరెళ్లాడనీ, ఆయన భార్య చుట్టాలను తీసుకురావడానికి మల్కాజ్‌గిరి స్టేషన్‌కు వెళ్లిందనీ, రైలు ఆలస్యమైనట్టుందనీ పక్కింటి తోటమాలి చెప్పాడు. మేము ఇంకా బేగంపేట విమానాశ్రయం చేరాలి.

“రాయి తెస్తనా సార్? గీ తాళం ఒక్క దెబ్బకు ఊడుతది. అమ్మగారు ఏమనుకోదు.”

“వద్దు,” అంది అత్త.

“టైం అయితున్నదత్తా.”

“మన గడీ తాళం పగలగొట్టంగ నేను చూసిన. ఇంకొకరి ఇంటి తాళం మనం పగలగొట్టం బిడ్డా.”

ఆమె అన్నది సరైన మాటేనని ఈనాటికీ అనుకుంటాను. తోటమాలి కుర్చీ తెచ్చి వేసినా ఆమె కూర్చోలేదు. మూసిన తలుపు ముందు నిటారుగా నిలబడింది.

ఇంటావిడ ఆటో దిగేసరికి విమానం వేళ దాటిపోయింది. సంగతి తెలిసి అత్త చేతులు పట్టుకుని ఏడ్చింది. “నీ తప్పేమున్నదమ్మా, పనిపడి పోతివి,” అంటూ అత్తే ఆమెను ఊరుకోబెట్టింది.

మళ్లీ విమానం గురువారం గాని లేదు. విశాఖకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం రైలెక్కాం. బోగీ నిండా జనం. పక్కన ఎవరో జరగమన్నారు. అత్త జరిగింది. ఆమె ఒకరి కోసం జరగడం నేను చూడటం అదే మొదటిసారి.

మేము చేరేసరికి అంతా అయిపోయింది. చెల్లెలు ముందురోజు మధ్యాహ్నమే పోయింది. విమానంలో దిగలేదు గనుక మేమిక రామనుకుని, పొద్దుగూకకముందే దహనం చేశారట.

చావు జరిగిన ఇంట్లో ఎవరినీ రండి అనరు. పిలవని గడప అత్త ఎన్నడూ తొక్కలేదు. కడిగిన వాకిట్లో చెప్పులు విడిచి అలాగే నిలబడింది. లోపల ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. చెల్లెలి కూతురు బయటికి వచ్చి ఎదుట నిలబడింది గాని నోరు తెరవలేదు.

చివరికి అత్తే అడిగింది.

“నేను లోపలికి రావచ్చునా బిడ్డా?”