మావయ్య కోసం ఆగిన నావ

పోయిన మంగళవారం పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో మావయ్య పోయాడు. మన దీవుల తరఫున ఢిల్లీ పార్లమెంటులో కూర్చున్న రైతుగా ఆయన మీ అందరికీ తెలుసు. డిగ్లీపూర్ దగ్గర మా పక్క పొలం ఆయనది, అందుకని నాకు మావయ్య.

పత్రికలు రాసినంత గంభీరమైన మనిషేమీ కాదు. సర్కారు ఇచ్చిన అడవి నరికి మడి చేసుకున్నాడు. గెలిచాక కూడా సభ లేని రోజుల్లో నాట్లలోనే ఉండేవాడు. అర్జీలు తెచ్చినవాళ్లు గట్టు మీద నిలబడి చదివితే బురదలోంచే వినేవాడు. "గట్టిగా సదవండి బాబూ, నాను సంతకమే నేర్సినోణ్ణి" అని నవ్వేవాడు.

నా పద్నాలుగో ఏట అమ్మకు జ్వరం ముదిరితే పోర్ట్ బ్లెయిర్ నావ ఎక్కించాం. అదే నావలో మావయ్య కూడా ఢిల్లీ ప్రయాణానికి రావాలి. నాట్లు ముగించి వస్తున్నానని కబురు పెట్టాడు. "ఎంపీ సాబ్‌ని వదిలీసి ఎలాగెల్తాం భయ్యా?" అన్నాడు నావ నడిపే సరంగు. ఆగారు. కాళ్లకు బురదతో ఆయన పరిగెత్తుకొచ్చేసరికి పోటు తగ్గి ఉప్పుటేట్లో నీరు తీసేసింది. కొంత దూరం పోయి మడచెట్ల మధ్య నావ కూరుకుపోయింది. మళ్లీ పోటు వచ్చేలోపే అమ్మ పోయింది.

ఆ తర్వాత ఆయన ఏ నావనూ తన కోసం ఆగనివ్వలేదు. అందరికంటే ముందే వచ్చి జెట్టీ మీద కూర్చునేవాడు. పార్లమెంటులో లేచిన ప్రతిసారీ మాకు ఆసుపత్రి అడిగాడు, చివరికి సాధించాడు. అది తెరిచిన రోజు నన్ను పక్కకు పిలిచి, "మీయమ్మని నానే సంపీసేనమ్మా" అన్నాడు. నేను మాట్లాడలేదు.

మాట్లాడవలసింది. ఆ రోజు ఆగాలా వద్దా అని సరంగు అడిగింది అమ్మనే. "మన మనిసి కదేటి, రానీండి" అంది అమ్మ, మూలుగుతూనే. ఈ ఒక్క మాట చెబితే ఆయన బరువు దిగేది. మొదట కోపంతో దాచాను. తర్వాత, అన్నాళ్లు దాచినందుకు సిగ్గుపడి దాచాను.

మంగళవారం ఆయన పోయాక, పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో ఆయన్ని ఊరికి తీసుకెళ్లే నావ ఎక్కించాం. ఎవరో పెద్దమనిషి దండ తెస్తున్నాడట, అరగంట ఆగమన్నారు. "ఆపకండి, ఆలస్యమైతే మన ఊరి ఏట్లో పోటు అందదు" అని అరిచాను. నావ కదిలింది.

ఆయన చెవి దగ్గర వంగి అమ్మ మాట చెప్పాను. ఇంజను మోతలో నాకే వినపడలేదు. తలెత్తి చూస్తే, దండ పట్టుకుని ఒక మనిషి జెట్టీ మీద పరిగెత్తుకొస్తున్నాడు. మావయ్య కూడా ఆ రోజు అలాగే వచ్చాడు.