పరీక్ష రోజున గేటు బయట

హాజరు పిలిచేటప్పుడు ఇప్పటికీ నా కళ్లు గేటు వైపే పోతాయి. తరగతిలో పిల్లలు మారిపోయారు, రిజిస్టరు మారిపోయింది. అయినా ఆ పేరు ఉండాల్సిన చోటికి వచ్చేసరికి నోరు ఒక్క క్షణం ఆగుతుంది. కొత్తగా చేరిన టీచరమ్మ ఒకసారి అడిగింది, ఎవరైనా రావాలా అక్కా అని. లేదన్నాను. గేటు బయట ఇస్త్రీ యూనిఫాంలో ఒక పిల్ల నిలబడి ఉన్నట్టు నాకు రోజూ కనిపిస్తుందని ఆమెకెలా చెప్పేది?

మాది సముద్రానికి దగ్గరి ఊళ్లో ప్రాథమిక పాఠశాల. చుట్టూ రొయ్యల గుంటలు. నేను మనుబోలు నుంచి రెండు బస్సులు మారి వస్తాను. అప్పుడు నాది నాలుగో తరగతి, ఇరవై ముగ్గురు పిల్లలు. ఆ పిల్ల వాళ్లలో ఒకతె. తల్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. లెక్కల్లో పిల్లకు ఢోకా లేదు, తీసివేతలు నేను బోర్డు మీద రాస్తుండగానే జవాబు చెప్పేసేది. చదవడం దగ్గరే చిక్కు. అక్షరం కింద వేలు పెట్టి, ముందు పెదవుల్లోనే అనుకుని, ఒత్తు దగ్గర ఆగిపోయి నా ముఖం చూసేది. నా ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు. ఓపిక నాకు ముందునుంచీ తక్కువే.

ఆ ఏడు పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి బయటి నుంచి ఇద్దరు వస్తారన్నారు. ఒక్కొక్కరినీ పిలిచి ఒక పేరా చదివిస్తారు, రెండు లెక్కలు చేయిస్తారు, అక్కడికక్కడే ట్యాబ్‌లో నొక్కేస్తారు. తరగతి ఫలితం పక్కన టీచరు పేరు ఉంటుంది. ఆ పేరు కోసమే మూడు వారాలు పిల్లల్ని రాచిరంపాన పెట్టాను. అందరూ దారికి వచ్చారు, ఆ పిల్ల తప్ప. నిజానికి ఆ పిల్లకూ వస్తోంది, కాకపోతే నా పరీక్ష తేదీకి అందేలా లేదు.

ముందురోజు సాయంత్రం బడి వదిలాక పక్కకు పిలిచాను.

"రేపు నువ్వు రాబాక."

"ఎందుకు టీచర్?"

"చదవడం రానోళ్లకు రేపు బడి లేదు. వచ్చినాక వద్దువుగాని."

ఈ మాట అనమని నాకెవరూ చెప్పలేదు. హెడ్మాస్టరు గారి మీదికి నెట్టేద్దామని మనసులో చాలాసార్లు చూశాను. పాపం, ఆయనకు ఆ సంగతే తెలియదు.

మర్నాడు తలకు నూనె పెట్టుకుని, రెండు జడలు వేయించుకుని వచ్చి గేటు బయట నిలబడింది. లోపల అప్పటికే ఆ ఇద్దరూ కుర్చీలు సర్దుకుంటున్నారు. నేను గబగబా బయటికి వెళ్లాను.

"చెప్పినాను కదా నీకు?"

"నేను చదవను టీచర్. ఊరికే కూర్చోని వింటా."

"పో ఇంటికి."

పోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే లోపలికి పిలిచేదాన్నేమో అనుకుంటాను. అదీ నాకు నేను చెప్పుకునే కబురే. ఒకరు తక్కువున్నారేమని అడిగితే జ్వరమన్నాను. నా తరగతి ఫలితం బాగా వచ్చింది. హెడ్మాస్టరు గారు అందరి ముందూ మెచ్చుకుంటే నవ్వాను కూడా.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ వారమంతా రాలేదు. నేను చెప్పిన అబద్ధం నాకే నచ్చి, జ్వరమే అయి ఉంటుందిలే అనుకున్నాను. రెండో వారంలో ఒక మధ్యాహ్నం పిల్లలంతా తలలు వంచి లెక్కలు చేసుకుంటుంటే, ఎవరో కూడబలుక్కుంటూ చదువుతున్నట్టు వినిపించింది. తలెత్తి చూశాను. ఎవరి పెదవులూ కదలడం లేదు. నాకు భయమేసింది. ఆ సాయంత్రమే వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటామె వాకిట్లో ఎండు చేపలు గంపలోకి ఎత్తుకుంటోంది.

"వాళ్లు ఊరొదిలి తడ కాడికి పోయినారు టీచర్. తల్లికి కంపెనీలో పని దొరికిందంట. మూడు దినాలయింది."

"పిల్ల బడికి రావడం లేదని వచ్చినాను," అన్నాను.

ఆమె చెయ్యి ఆపి నన్ను వింతగా చూసింది. "మీరే గదా, చదవడం వచ్చినాకనే రమ్మనింది? పొద్దస్తమానం ఈ మెట్టు మీద కూర్చోని చదవతానే ఉన్నింది. బడికి పోవే అని వాళ్లమ్మ ఎంత అరిచినా పోలేదు. చదవడం ఇంకా రాలేదుమా, ఇంకా రాలేదుమా అనేది."

ఆ మెట్టు మీదే కూర్చున్నాను. ఒక్క రోజు గడిస్తే చాలని నేను అనేసిన మాట. టీచరు చెప్పింది కాబట్టి ఆ పిల్ల దాన్ని నమ్మింది.

"పోయే రోజు పొద్దున్నే మమ్మల్నందర్నీ పిలిచి కూర్చోబెట్టింది," అందామె. "పుస్తకం తెరిచి ఒక పాఠమంతా చదివి, వచ్చేసినాదా అని అడిగింది. వచ్చేసినాది తల్లీ అన్నాం. అయితే బడికి పోతా అని లేచింది. అప్పటికే సామాన్లన్నీ ఆటోలో ఎక్కించేసినారు."

"సరిగ్గానే చదివిందా?" అని అడిగాను. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

"అది మాకెట్ట తెలుస్తాది టీచర్? చదువొచ్చినోళ్లు మాలో ఎవరున్నారు?" అంటూ ఆమె గంప ఎత్తుకుంది. "ఆగకుండా మటుకు చదివింది."