ఇంటికి రాలేదని చెప్పాను

పద్నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇది చదువుతున్న నువ్వు నన్నెరుగవు. అందుకే నీతో చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్ల ముందు తల దించడం నాకు చేతకాదు.

ముందు నేనెలాంటిదాన్నో చెప్పాలి. పత్తికొండకు నడిచిపోయేంత దూరంలో మా పల్లె. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు అమ్మానాయనా ఇద్దరూ పోయారు. నాలుగెకరాల మెట్టనేల, ఎనిమిదేళ్ల తమ్ముడు నాకు మిగిలారు. పెళ్లి చేసుకోలేదు. ఎవరి గడపలోనూ చేయి చాచలేదు. బోరు ఎండిన ఏడు కూడా బిందెలతో నీళ్లు మోసి టమాటా కాయించాను. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా నేనే రాసిస్తాను. తగువులొస్తే మగవాళ్లు కూడా నా మాట కోసం ఆగుతారు. గొప్పలు చెప్పుకుంటున్నానా? అవును. ఇప్పటికీ అది నాకు గొప్పే. దాన్ని పక్కన పెట్టి చెబితే జరిగింది నీకు అర్థం కాదు.

తమ్ముడు మద్దిలేటి పత్తికొండ టమాటా మార్కెట్లో హమాలీ. మెత్తని మనిషి. వాడిలో నాకు నచ్చనిది అదొక్కటే.

ఆ రోజు మధ్యాహ్నం వేలం ముగిశాక వాడూ, తోటి హమాలీ రంగన్నా కలిసి తాగారు. ఏ లారీకి ఎవరు ముందు టమాటా బాక్సులు ఎత్తాలన్న దగ్గర మాట పెరిగింది. రంగన్న చెప్పు తీసి నలుగురిలో వాణ్ణి కొట్టాడు. వీడు చేయెత్తలేదు. నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. తొట్టి దగ్గర తలమీద నీళ్లు కుమ్మరించుకున్నాడు. కొట్టం నీడలో కాసేపు పడుకున్నాడు. లేచి, సంగటి ముందు కూర్చున్నాడు. ఆలోపే పక్కింటామె వచ్చి సంగతంతా నా చెవిన వేసి పోయింది.

"కొట్టినాడంట గదరా?" అన్నాను.

"పోనీలేక్కా. వాడు తాగిండాడు, నేనూ తాగింటి. మత్తు దిగితే వాడే సిగ్గుపడతాడు."

"చెప్పుదెబ్బ తిన్న మొగం పెట్టుకోని ఈడ కూచున్యావే, సంగటి ఎట్ల దిగుతాందిరా నీకు?"

"ఏం చేయమంటావక్కా?"

"అది గూడా నన్నే అడుగుతాండావా? నాయన ఉండింటే ఈ గడప తొక్కనిచ్చేటోడు గాదు."

అని, వాడి ముందున్న పళ్లెం లాగేశాను.

వాడు నా ముఖంలోకి చూశాడు. చేయి కూడా కడుక్కోకుండా లేచి వెళ్లిపోయాడు. వట్టి చేతులతోనే వెళ్లాడు. మార్కెట్లో బాక్సుల పక్కన కట్టె దొరికింది. ఒకటే దెబ్బ. కర్నూలు పెద్దాసుపత్రి చేరేలోపే రంగన్న పోయాడు.

చంపమన్నానా? అనలేదు. కొట్టమని కూడా అనలేదు. మరి ఏమన్నాను? ఈ ప్రశ్న వేసుకున్న ప్రతిసారీ నేను అనని మాటలే ఏరుకుంటాను గానీ, చల్లారిపోయిన మనిషిని మళ్లీ రాజేసిన మాట దగ్గరికొచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చి లేచిపోతాను. ఈ రోజు లేవను.

తమ్ముడి తరఫున పెట్టుకున్న వకీలు నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. తనంతట తాను తాగినవాడి మీద చట్టం జాలి చూపదు, తెలియకుండా ఎవరో తాగిస్తే తప్ప. మనల్ని కాపాడేది ఒకటే: అప్పటికప్పుడు రేగిన కొట్లాట, ముందస్తు ఆలోచన లేకపోవడం. మధ్యలో మనసు చల్లబడేంత వ్యవధి ఉందని తేలితే అది హత్యే, యావజ్జీవమే. ఆయన నన్ను అబద్ధమాడమనలేదు. వ్యవధి అన్న మాట వినగానే, వాడు ఇంటికొచ్చి పోయిన సంగతి దాచాలని నాకే తెలిసిపోయింది.

మార్కెట్లోని సాక్షులు, ఇద్దరూ తాగి కొట్టుకున్నారనే చెప్పారు. ఎంతసేపని ఎవరూ గమనించలేదట. ఒక్క మనిషి గమనించింది. రంగన్న భార్య సుంకమ్మ. అక్కడే కాయలు ఏరే పని ఆమెది. మద్దిలేటి ఊరి దారి పట్టడం, చాలాసేపటికి తిరిగి రావడం తన కళ్లతో చూశానని బోనెక్కి చెప్పింది.

తర్వాత నేనెక్కాను.

"ఆ రోజు మీ తమ్ముడు గొడవ మధ్యలో ఇంటికి వచ్చాడా?"

"రాలేదు."

గొంతు వణకలేదు. నా గొంతు ఎప్పుడూ వణకదు. జడ్జిగారు నమ్మారు. సుంకమ్మ మాట, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడదాని కడుపుమంట కింద జమైపోయింది. వాడికి ఏడేళ్లు పడ్డాయి. తీర్పు విని మెట్లు దిగుతుంటే, నిజం చెప్తున్నాను, నాకు గర్వంగా ఉండింది. తమ్ముణ్ణి గెలుచుకున్నాను. కింద సుంకమ్మ నిలబడి ఉంది. "అక్కా, నువ్వు గూడానా?" అంది. అంతే. అంతకు కొన్నేళ్ల ముందు వితంతు పింఛను కోసం వాళ్లమ్మకు అర్జీ రాసిచ్చింది నేనే. ఆ నమ్మకంతో అడిగింది. నేను నడిచిపోయాను.

ఆమెను మార్కెట్లో అబద్ధాలకోరు అన్నారు. అత్తింటివాళ్లు కూడా నువ్వే కేసు చెడగొట్టావన్నారు. పిల్లల్ని తీసుకుని ఎర్రగుంట్ల వైపు కూలికి పోయింది.

తమ్ముడు తిరిగొచ్చాడు. తాగడం మానేశాడు. నా పొలం దున్నుతాడు, నాకు జ్వరమొస్తే ఆటో పిలుస్తాడు. నా చేతి కూడు మాత్రం తినడు. ఎందుకని నేనడగలేదు. మొన్న రచ్చబండ దగ్గర ఎవరో, ఆ పొద్దు నీకేం పుట్టిందప్పా అని అడిగితే, "మందు చేసిందిలేన్నా అంతా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. వాడు నావైపు చూడనైనా లేదు. మందు అప్పటికే దిగిపోయిందని మా ఇద్దరికే తెలుసు. నా వంతు కూడా వాడే మోస్తున్నాడు. నేనన్న మాట పోలీసులకు చెప్పలేదు, వకీలుకు చెప్పలేదు, జైల్లో ఏడేళ్లు ఎవరికీ చెప్పలేదు. నా పెంపకం అది అని ఒక్క క్షణం ఛాతీ పొంగింది. ఒక్క క్షణమే. వాడు మెత్తనివాడా? ఇన్నేళ్లూ నేను దేన్ని చూసి మెత్తదనం అనుకున్నాను?

క్షమించమని నిన్నడగను. సుంకమ్మ దగ్గరికి పోతానని మాటివ్వను, ఇచ్చిన మాట తప్పడం నాకు అలవాటు లేదు, పోయే ధైర్యం ఇంకా రాలేదు. కానీ ఒకటి మాత్రం నా చేత్తో రాస్తున్నాను. సుంకమ్మ చూసింది చూసినట్టే చెప్పింది. అబద్ధమాడింది నేను. ఈ రెండు ముక్కలకు పద్నాలుగేళ్లు పట్టింది. రాశాక కలం పక్కన పెట్టాను. ఊపిరి లోపలిదాకా పోయింది.