కోటు రజితది, చలి నాది, పేరు బాపుది

ఆ పాట గురించి అందరినీ అడిగారు. మా బాపును, అంటే మా నాన్నను, అడిగారు. కోటు వేసుకున్న రజితను అడిగారు. కెమెరా పట్టిన దానియేలును అడిగారు. పక్క పత్తి కుప్ప దగ్గర కూర్చుని వక్క నములుతున్న లస్మవ్వను కూడా "నీకెట్ల అనిపించింది అవ్వా" అని అడిగారు. రాసి, తీసి, ఆడి, తడిసి, తన్నులు తిన్న నన్ను మాత్రం ఇవాళ్టి దాకా ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగనిదే చెప్పకూడదన్న రూలు ఎక్కడా లేదు కనుక నేనే చెప్తున్నాను. వానాకాలమంతా మా ఇంటిల్లిపాదీ కష్టపడి పండించిన పత్తిని ఒక్క మధ్యాహ్నంలో, ఒక్క పంపు నీళ్ళతో ఎలా ముంచబోయానో వినండి. నవ్వినా పర్వాలేదు, నాకు అలవాటే.

అప్పుడు నేను ఆదిలాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. భాస్కర్ సార్ మాకు వీడియోలు తీయడం నేర్పేవారు. ఒకరోజు ఆయన అన్నారు: "ప్రతి రకం పాటకు కొన్ని కట్టుబాట్లుంటయి. అవి వాడుకొని ఒక పాట తీయున్రి. కాని ఒక్క కట్టుబాటన్నా తెంపాలె. వార్షికోత్సవం నాడు తెర మీద ఏస్తం."

క్లాసు మొత్తం జానపదం మీద పడింది. బండి మీద బావ, చేన్లో లంగా ఓణీ మరదలు, పైన డ్రోను. నా ఆలోచన చెబుదామని చెయ్యి ఎత్తాను. సార్ నా వెనక బెంచీని అడిగారు. అది నాకు ఇంకా గుర్తుంది. సార్‌కు గుర్తుందో లేదో తెలియదు.

నాది మంచుకొండ పాట. సినిమాల్లో మీరూ చూసే ఉంటారు. మంచులో హీరోకు తోలు కోటు, మఫ్లరు, మోకాళ్ళ దాకా బూట్లు. హీరోయిన్‌కేమో ఉల్లిపొర లాంటి చీర. ఆడవాళ్ళకు చలి పుట్టదని ఎవరు తేల్చారండీ? అందుకే నా పాటలో కోటు ఆమెకు, పల్చటి పూల చొక్కా నాకు. గజగజ వణుకుతూ నేను ఆమె చుట్టూ తిరిగి పాడాలి: "నీ కోటు జేబుల జర చోటియ్యవే." ఈ ముక్క రాసింది కూడా నేనే. దీని గురించి కూడా ఎవరూ అడగలేదు.

నా క్లాస్‌మేట్ రజిత ఆసిఫాబాద్ అమ్మాయి. వాళ్ళ తాతగారి ఉన్ని కోటు తెస్తానని ఒప్పుకుంది గాని, ఒక్కటే అనుమానం.

"అంతా మంచిగనే ఉంది నరేష్. మరి మంచు ఏది?"

"మా బాపు తెస్తుండు," అన్నాను.

బాపు నిజంగానే తెచ్చాడు. ట్రాక్టరు నిండా పత్తి ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు తెచ్చాడు. దారిలో మంచు పట్టి తేమ ఎక్కువైంది. తేమ చూసే సారు మిషను గుచ్చి, ఆరబెట్టి మళ్ళీ చూపించమన్నాడు. బాపు టార్పాలిన్ల మీద పత్తి పరిచి, ఎండకు తిరగేసి మరగేసి, మధ్యాహ్నానికి కుప్ప చేశాడు. అబ్బ, ఏం కుప్ప! ఎండలో ధగధగలాడే తెల్లటి కొండ. నాకు కళ్ళ ముందు పాట మొత్తం కనిపించింది.

"సారును తోల్కస్త. నువ్వు గిక్కడ్నే కూసో," అన్నాడు బాపు. "పత్తి మీద నీ ఉమ్మి గూడ పడొద్దు."

"నేనున్న గద బాపు."

"గదే నాకు ఫికర్," అని వెళ్ళాడు.

ఆయన మలుపు తిరగగానే ఫోన్ చేశాను. రజిత కోటుతో వచ్చింది. దానియేలు కెమెరాతో, నేను ముందే పాడి పెట్టిన పాట ఉన్న స్పీకరుతో వచ్చాడు. దానియేలు మా ఊరి చర్చిలో క్రిస్మస్ పాటలన్నీ చిత్రీకరించినవాడు. చెయ్యి తిరిగినవాడే, కాని ఒకే వైపు తిరిగింది. ఏ పాటైనా ఆకాశంతో మొదలుపెడతాడు, మేఘాల్లోంచి వెలుగు దింపుతాడు, పాడేవాడితో చేతులు చాపిస్తాడు.

"నరేషన్నా, చేతులు చాపు. మొకం మీదికి లేపు."

"అరేయ్, నేను ప్రార్థన చేస్తలేను, పిల్లను అడుగుతున్న."

"అడిగేటోడు గట్లనే అడగాలె."

కోటులో రజిత చెమటతో ఉడికిపోతోంది. పల్చటి చొక్కాలో నేను పళ్ళు కటకటలాడిస్తున్నాను. పైన సూర్యుడు పకపకా నవ్వుతున్నాడు. కెమెరాలో చూస్తే మంచుకొండ మీద ఇద్దరికి వడదెబ్బ తగిలినట్టుంది.

"పొగమంచు ఉంటే నమ్ముతరు," అన్నాడు దానియేలు. ఈ మాట అన్నది దానియేలు అని గమనించగలరు.

ట్రాక్టరులో మందు కొట్టే బ్యాటరీ పంపు ఉంది. రిపేరు అయిపోయాక ఇంటికి తీసుకుపోదామని బాపు తెచ్చి పెట్టుకున్నది. దాన్ని శుభ్రంగా కడిగి నీళ్ళు నింపాను. కెమెరా దానియేలుది, పాట నాది, కోటు రజితది. మరి పంపు ఎవరు కొట్టాలి? తాను దూర సందు లేదు, వీపుకో పంపు అన్నట్టు, నేనే తగిలించుకున్నాను. ముందు నుంచి చూస్తే పంపు కనపడదు కదా. ఒక చెయ్యి రజిత వైపు చాపి, రెండో చేత్తో గొట్టం తల వెనక ఎత్తి పట్టి, నా మీదా కొండ మీదా సన్నటి తుంపర కొడుతూ పాట అందుకున్నాను. తుంపరలో ఇంద్రధనుస్సు కూడా పడింది. దానియేలు "దేవునికి స్తోత్రం" అన్నాడు.

పక్క కుప్ప దగ్గర లస్మవ్వ వక్క నమలడం ఆపింది. "ఏం కొడుకా, అమ్మనీకచ్చిన పత్తికి మందు గొడుతున్నవా?"

"పొగమంచు అవ్వా."

"మీ బాపుకు ఎరుకేనా?"

జవాబు చెప్పే అవసరం రాలేదు. బాపు, ఆయన వెనక తేమ చూసే సారు కుప్ప దగ్గరికి వచ్చేశారు. నేను మోకాళ్ళ మీద ఉన్నాను. సారు నా వైపు కూడా చూడకుండా (అదీ గుర్తుంది) మిషను గుచ్చాడు. మిషను గట్టిగా కూసింది.

"భూమన్నా, పొద్దుగాల్ల కన్న ఎక్కువున్నది. కొనుడు కాదు."

బాపు ఆకాశం చూశాడు. మబ్బు తునక లేదు. పత్తి ముట్టుకున్నాడు. నన్ను చూశాడు.

"గదేందిరా వీపుల?"

"పంపు, బాపు."

"అండ్ల ఏమున్నది?"

"నీళ్ళు."

"ఏడ కొడుతున్నవ్?"

"మంచు మీద."

బాపు నెమ్మదిగా భుజం మీది తువ్వాల తీసి చేతికి చుట్టుకున్నాడు. తర్వాతి దృశ్యంలో కుప్ప చుట్టూ ముందు నేను, నా వీపున పంపు, వెనక బాపు. స్పీకర్లో నా గొంతు "జర చోటియ్యవే" అని బతిమాలుతోంది. చోటు ఎవరూ ఇవ్వలేదు.

సారుకు జాలి కలిగింది, నా మీద కాదు, బాపు మీద. "సాయంత్రం కాంటా బందు చేసేలోపు ఆరితే తీసుకుంట," అన్నాడు. లేకపోతే? మర్నాటి నుంచి మార్కెట్‌కు వరుసగా సెలవులు. ట్రాక్టరు కిరాయిది. పత్తి మళ్ళీ ఇంటికి మోసుకుపోవాలి, దారిలో మళ్ళీ మంచు. బాపు ముఖం చూసి మొదటిసారి నాకు నిజంగా చలి పుట్టింది.

"నయం, పైపొరనే తడిసింది," అని లస్మవ్వ నడుము బిగించింది. "ఏందిరా సూస్తున్నవ్? రా."

పత్తి తడపనేల, మళ్ళీ ఆరబెట్టనేల! కుప్ప మొత్తం పరిచాం. రజిత కోటు విసిరేసి చేతులతో పత్తి విదిల్చింది. లస్మవ్వ తిట్టింది, తిరగేసింది. ఎవరి చేతులూ ఖాళీ లేక స్పీకరు ఆపలేదు, అదే పాట మళ్ళీ మళ్ళీ మోగుతోంది. చివరికి బాపు తనకు తెలియకుండానే నా పాట తాళానికి పత్తి ఎగరేయడం మొదలుపెట్టాడు. దానియేలు మాత్రం కెమెరా దించలేదు. తర్వాత అడిగితే, "మీ బాపు అప్పుడే చేతులు మంచిగ లేపిండన్నా," అన్నాడు.

పొద్దు వాలుతుండగా సారు మిషను గుచ్చాడు. ఈసారి అది కూయలేదు. పత్తి కాంటా ఎక్కింది. అందరూ బాపు భుజం తట్టారు. నేను తడిసిన పూల చొక్కాలో ఓ మూల నిలబడ్డాను. ఆదిలాబాద్ సాయంత్రం చలి మీకు తెలుసు కదా, ఎముకల్లో దూరి కూర్చుంటుంది. అప్పుడు వణికాను చూడండి, ఏ నటుడూ అలా వణకలేడు. బాపు వచ్చాడు. కింద పడున్న కోటు తీసి, దులిపి, నా ముఖాన విసిరాడు.

"తొడుక్కో. సస్తవ్."

పాట కూర్చేటప్పుడు చూస్తే, పొగమంచు షాట్లన్నిటిలో నా తల మీద పంపు గొట్టం పాముపడగలా లేచి ఉంది. "అయింది అయినట్టు పెట్టు," అంది రజిత. నేను ఒప్పుకోలేదు. అయినా పెట్టారు.

వార్షికోత్సవం నాడు హాలు పగిలిపోయేలా నవ్వారు. కోటు నా ముఖాన పడ్డప్పుడు మాత్రం నవ్వులు ఆగి ఈలలు మొదలయ్యాయి. భాస్కర్ సార్ లేచారు. "మంచున్నది, వణుకున్నది, కోటున్నది, ప్రేమ గూడ ఉన్నది. అన్ని కట్టుబాట్లు వాడుకున్నరు. తెంపింది ఒక్కటే. కోటిచ్చింది ప్రియురాలు కాదు, బాపు. మొదటి బహుమతి దీనికే. పాట హీరో వేదిక మీదికి రావాలె."

అంతా నేను ముందే ఆలోచించినట్టు గంభీరంగా తల ఊపి, చొక్కా సర్దుకుని మెట్లెక్కాను.

"నువ్వు కాదు నరేష్. భూమన్న గారు."

బాపును రజిత పిలిపించిందట. ఆయన కప్పు అందుకుని, మైకు ముందుకు వచ్చి, "పిల్లలూ, పత్తి మీద నీళ్ళు కొట్టకున్రి," అని దిగిపోయాడు. అంతసేపు చప్పట్లు నేను మళ్ళీ వినలేదు. పాట హుజూరాబాద్ దాకా పాకింది. గల్ఫ్ నుంచి మా చిన్నబాపు బాపుకు ఫోన్ చేసి, "అన్నా, నీ ఉరుకుడు మా క్యాంపంతా సూసిన్రు," అన్నాడు. యార్డుకు పోతే బాపుకు చాయ్ వస్తుంది. పక్కనే ఉన్న నాకు రాదు.

అందుకే పత్తి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో తెల్లగా కనిపించిన దేన్నీ మంచు అనుకోను. పత్తి కుప్ప ఉన్న చోట దాహంతో నాలుక పిడచకట్టినా సీసా మూత తీయను.

ఒక్క జవాబు మాత్రం నాకు రావాలి. "పాట ఎట్లున్నది బాపు?" అని ఎప్పుడడిగినా ఆయన "ఏ పాట?" అంటాడు. ఆయన ఫోను మోగితే మాత్రం వచ్చేది "నీ కోటు జేబుల జర చోటియ్యవే". ఆ ముక్క పూర్తయ్యేదాకా ఫోనెత్తడు. నేను పక్కనే కూర్చుని చూస్తుంటాను. బాపూ, అందరికీ చెప్పావు, ఇప్పుడు నాకు చెప్పు. పాట ఎట్లున్నది?