అత్త చెవిలో మగ్గం

మొన్న బుధవారం మా ఆఫీసులో ధ్యానం పెట్టారు. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేసే ముందు మిగిలినవాళ్ళకు ప్రశాంతత నేర్పించడం మా కంపెనీ ఆనవాయితీ. కాన్ఫరెన్సు గదిలో కుర్చీలు వరసగా వేసి, లైట్లు తగ్గించి, ఒక మేడమ్ మెత్తటి గొంతుతో అందరినీ కళ్ళు మూసుకోమంది. అందరూ మూసుకున్నారు. మీటింగుల్లో రోజూ చేసే పనే కనుక ఎవరూ ఇబ్బంది పడలేదు. నేనొక్కణ్ణే మూసుకోలేదు. ఆమె నా కుర్చీ దగ్గరికి వచ్చి, "సార్, కళ్ళు మూసుకోండి, ఇక్కడ ఎవరూ ఏమీ ఎత్తుకుపోరు" అంది. "లాప్‌టాప్ కంపెనీదే మేడమ్, ఆ భయం లేదు" అన్నాను. పక్కవాడు కళ్ళు మూసుకునే నవ్వాడు. నిజం చెప్పడానికి అది చోటు కాదు. నిజానికి ధ్యానం నాకు కొత్త కాదు. గతేడాది ఇరవై రెండు రోజులు చేశాను, అన్ని రోజులూ కళ్ళు తెరుచుకునే.

మా మేనత్తది బెంగళూరు దగ్గర దొడ్డబళ్ళాపురం. నేను డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఆమె ఇంట్లోనే ఉన్నాను. ముందు గదిలో రెండు పవర్‌లూమ్ మగ్గాలు, వెనక గదిలో వంట, మధ్యలో మిగిలిన సందులో నేనూ నా పుస్తకాలూ. ఎడమ మగ్గం మామది, కుడిది అత్తది. మగ్గాలు ఆడుతున్నంతసేపూ ఆ ఇంట్లో గొంతుకు పని లేదు. పెదవులు కదిలిస్తే అవతలివాళ్ళు చదువుకోవాలి, లేకపోతే చేత్తో సైగ చెయ్యాలి. పిడికిలి బిగించి కిందికి దించితే మగ్గం ఆపమని. వాళ్ళు ముప్ఫై ఏళ్ళ కాపురంలో పోట్లాడుకున్నవి కూడా చేతులతోనే. చూసేవాళ్ళకు ఇద్దరు ట్రాఫిక్ పోలీసులు ఒకరి మీద ఒకరు అలిగినట్టు ఉండేది. ఒకసారి మామ మగ్గంలో, పోగును అటూ ఇటూ మోసే షటిల్‌ను కొట్టే కర్రకు పట్టీ తెగితే, ఆయన కొత్తది కొనకుండా తన పాత చెప్పు తోలు కోసి కట్టాడు. ఆ రోజు నుంచి మగ్గం కుంటడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా. టక్కు, టుప్పు, టక్కు, టుప్పు. వీధి చివర నుంచే మా ఇల్లు ఎక్కడుందో తెలిసిపోయేది. నా పరీక్షలన్నీ ఆ కుంటి నడక మీదే పాసయ్యాను. మార్కులు చూసినవాళ్ళెవరూ దీనికి ఆశ్చర్యపోరు.

మామ పోయాక రెండు మగ్గాలనూ పాత ఇనుమువాడు విప్పి తీసుకెళ్ళాడు. పిల్లలు లేరు కనుక అత్తను బెంగళూరు బొమ్మనహళ్ళిలో నా అద్దె ఇంటికి తెచ్చుకున్నాను. వచ్చేనాటికే ఆమెకు చెవులు దాదాపు లేవు. చెవిలో పెట్టుకునే మిషన్ కొనిస్తే, కీచుమంటోందని లవంగాల డబ్బాలో దాచింది. బయటి శబ్దాలు వినపడకపోతే పోయె, లోపల మాత్రం ఒక రొద ఆగకుండా ఉండేది. అది ఆమెను నిద్రపోనివ్వలేదు, అన్నం తిననివ్వలేదు. చెవి డాక్టరు అన్నీ చూసి, ముప్ఫై ఏళ్ళ మగ్గం అది, దీనికి మందు లేదన్నాడు. "దాంతో పోట్లాడొద్దు. ధ్యానం నేర్పించండి, రొద ఉన్నా పట్టించుకోకుండా ఉండే అలవాటవుతుంది" అన్నాడు. నేర్పించమన్నది నన్ను. అప్పటికి నేను అన్నిటికంటే ఎక్కువసేపు కదలకుండా కూర్చున్నది సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో.

ఫోన్లో ఒక యాప్ వేసుకున్నాను. ఇంగ్లీషులో ఒకాయన చెబుతాడు, నేను దాన్ని తెలుగులో పెదవులు కదిలించి అత్తకు అందించాలి. మొదటి పాఠంలో మొదటి మాటే కళ్ళు మూసుకోమని. మూసుకుంది. అంతే, మా బడి మూతపడింది. నేను ఊపిరి పీల్చమంటున్నాను, వదలమంటున్నాను, నా పెదవులు గాలిలో కదులుతున్నాయి. ఆమె ఒక నిమిషం కూర్చుని ఒక కన్ను తెరిచి, మగ్గాల ఇంట్లో అలవాటైన కేకతో అడిగింది.

"ఏమప్పా, కళ్ళు మూసుకుంటే నువ్వు చెప్పేది నాకెట్ల తెలస్తాది? ఈ చదువు చెవులుండే వాళ్ళకే పెట్టినారా?"

"కళ్ళు తెరిస్తే ధ్యానం కాదంట అత్తా."

"మూస్తే నువ్వుండవు, తెరిస్తే అది ఉండదు. బలే గురువు దొరికినాడు నాకు."

చివరికి ఉపాయం ఆమే చెప్పింది. నేను ఎదురుగా కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టాలి. అరచేత్తో నొక్కితే ఊపిరి పీల్చాలి, తీస్తే వదలాలి. ఇక మిగిలిన మాటలకు పాత సైగలే మోకాలి మీద. ఆమె ముఖం చూస్తే గానీ అందిందో లేదో తెలియదు కనుక నేను కళ్ళు మూసుకోవడానికి వీల్లేదు. కింద గార్మెంట్ యూనిట్ కుట్టు మిషన్లు, అవతల హోసూరు రోడ్డు హారన్లు. బొమ్మనహళ్ళి మొత్తం మీద వీటన్నిటికీ చలించకుండా కూర్చున్నది మా అత్త ఒక్కతే.

తొమ్మిదో రోజో పదో రోజో కళ్ళు తెరిచి, వింతగా నా వైపు చూసింది. "ముందర వట్టి రొదగా ఉండె గదప్పా. పోట్లాడకుండా విను అన్నావు గదా, విన్నాను. మన మగ్గమే. మీ మామ ఎడమ పక్క నేస్తా ఉండాడు. ఆ కుంటిది, చెప్పు తోలుది, అదే."

"రేపు మామను అడుగు, ఆదివారమన్నా సెలవిస్తాడేమో."

"ఆయప్ప ఇయ్యడులే" అని నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింది. మర్నాటి నుంచి పొద్దున్నే నా కంటే ముందే స్నానం చేసి, జడ వేసుకుని, చాప పరిచి కూర్చునేది. ధ్యానానికి ఎవరూ అంత ముస్తాబు కారు. నాకది కనబడింది. ధ్యానం పనిచేస్తోందని ఆఫీసులో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

ఇరవయ్యో పాఠం శబ్దాల గురించి. వినబడే దేన్నీ పట్టుకోవద్దు, వదిలెయ్యండి, దాన్ని పోనివ్వండి అంటున్నాడు ఫోన్లో ఆయన. వదిలెయ్యమనడానికి మాకు సైగ లేదు. పిడికిలి బిగించి ఆమె మోకాలి మీద పెట్టి కిందికి నొక్కాను. ఆమె ముఖం ఒక్కసారిగా బిగుసుకుంది. కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఆపల్నా?"

ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆమె ముఖాన్ని చూసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే. చూశాను. కింది పెదవి వణికింది. దాని అర్థం తెలియనంత తెలివితక్కువవాణ్ణేమీ కాదు. కానీ ఫోన్లో పూర్తయిన పాఠాలకు వరసగా పంతొమ్మిది ఆకుపచ్చ చుక్కలున్నాయి, ఇరవయ్యోది రావలసి ఉంది, తొమ్మిదింటికి నాకు ఆఫీసు కాల్ ఉంది. పాఠంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడమే గురువు పని అనుకున్నాను. పిడికిలి మళ్ళీ నొక్కాను. ముప్ఫై ఏళ్ళు ఆ సైగకు మగ్గం ఆపిన మనిషి. తల ఊపింది.

ఇరవై రెండో రోజు పొద్దున కూర్చున్నాక, నేను మోకాలి మీద చెయ్యి పెట్టకముందే కళ్ళు తెరిచింది. ఆ గొంతు కేకలా లేదు. "ఆగిపోయిందప్పా" అంది.

"కరెంటు పోయిందేమో అత్తా" అన్నాను.

నవ్వలేదు. నా పెదవులు చదవలేదేమోనని, నా ఖర్మ, మళ్ళీ అన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మామ శవాన్ని ఎత్తిన రోజు కూడా నేను ఆమెను అట్లా చూడలేదు.

ఆ తర్వాత చెయ్యగలిగినవన్నీ చేశాను. ఫోన్లో మగ్గాల వీడియోలు పెట్టి, స్పీకరు మీద ఆమె చెయ్యి ఉంచాను. దొడ్డబళ్ళాపురం తీసుకెళ్ళి, పాత వీధిలో ఇంకా షటిల్ మగ్గాలు నడుపుతున్న ఒకాయన ఇంట్లో నిలబెట్టాను. "మళ్ళా మగ్గం పెడతావేమక్కా?" అని ఆయన సరదాగా అడిగాడు. అత్త ఆ మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంది. తర్వాత చెయ్యి తీసి, "ఇది సరిగ్గా ఆడతా ఉండాది. మనది కాదు" అంది.

డాక్టరు మాత్రం చాలా సంతోషించాడు. రొద తగ్గిందా అని ఆమెకు కనబడేట్టు పెదవులు విప్పి అడిగాడు. అసలు సంగతి చెప్పి అంత మంచి మనిషిని నొప్పించడమెందుకనుకుందేమో, తగ్గిందని తల ఊపింది. ఇక రానక్కర్లేదని ఆయన నా భుజం తట్టాడు, మేనల్లుడంటే ఇట్లా ఉండాలన్నాడు. బయటికొచ్చి ఆటో ఎక్కాం. కొంత దూరం పోయాక ఆమె నా మోచెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"లోపల ఎవురూ లేరప్పా ఇప్పుడు. నవ్వించేవాడివి గదా నువ్వు, ఏదన్నా చెప్పు."

నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి ఏమీ రాలేదు. బొమ్మనహళ్ళి వచ్చేదాకా ఆమె నా పెదవుల వైపే చూస్తూ కూర్చుంది.

మామ పోయినప్పుడు మనిషి ఒక్కసారే పోతాడనుకున్నాను. కాలానికి అంత తొందర ఉండదని ఇప్పుడు తెలుసు. ముందు ఆయన్ని తీసుకెళ్ళి, ఆయన చప్పుడును ఆమె దగ్గర వదిలిపెట్టింది. దానికోసం మళ్ళీ వచ్చినప్పుడు తలుపు తీసింది నేనే.