సలోమి చెప్పిన సృష్టి బుర్రకథ

జమ్మలమడుగు చుట్టుపక్కల ఏ చర్చిలో పండగ జరిగినా సలోమి బుర్రకథ ఉండాల్సిందే. పగలు బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి ఈమేనా అనిపించేది, కాళ్లకు గజ్జెలు కట్టి, తంబుర భుజానికెత్తి వేదిక మీద అడుగు వేస్తే. ఒక పక్క భర్త జక్కరయ్య, ఇంకో పక్క కూతురు కెజియా గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్లు. ఆమె చెప్పేది ఒకటే కథ, వాళ్లమ్మ నేర్పింది: దేవుడు ఆరు రోజుల్లో ఈ లోకాన్ని చేసిన కథ.

అందులో గండికోట రాళ్లూ పెన్నా నదీ ఉండేవి. ఆరోరోజు దేవుడు మనిషిని చేయడానికి మన్ను తీసుకుంటాడు. "ఏ మన్ను తీసుకునె?" అని జక్కరయ్య అడిగేవాడు. "ఎర్రమన్నే లేప్పా! మన నల్లరేగడితో చేసింటే వానొస్తే మనిషి కాలు పైకొచ్చేది గాదు" అనేది సలోమి. బురదలో నడిచి వచ్చిన రైతులు పడీపడీ నవ్వేవారు.

దేవుడు పలికే మాట దగ్గర మాత్రం హాస్యం ఉండేది కాదు. గుమ్మెటలు ఆగిపోయేవి. సలోమి గొంతు చీల్చుకుని "వెలుగు రావల్ల!" అని అరిచేది. ఆ అరుపుకు ఒళ్లో నిద్రపోతున్న పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు.

కెజియా పులివెందులలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. ఇంట్లో తల్లితో వాదన తప్పేది కాదు.

"మా, గండికోట లోయను కోసేదానికి పెన్నకు లక్షల ఏండ్లు పట్టింటాది. ఆరు దినాల్లో అంతా అయిపోయిందంటే ఎట్ల?"

"నీ బడిలో నువ్వు చెప్పుకో పాపా. నేను నమ్మింది నేను చెప్తాండా. జలప్రళయంలో లోకమంతా మునిగిన నీళ్లకు ఆ రాయి ఒక లెక్కనా?"

కెజియా ఒప్పుకోలేదు. గుమ్మెట వాయించడం మానలేదు.

ఒక ఏడాది సలోమి గొంతులో గడ్డ లేచింది. ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేశారు. గడ్డ మాటనిచ్చే నరాన్ని చుట్టుకుని ఉందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ప్రాణం దక్కింది కానీ గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలే వచ్చేది. ఆమె మాట వినాలంటే పక్కన కూర్చుని చెవి ఒగ్గాలి.

సలోమి తంబురను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టించింది. "నోటి మాటతో లోకాన్ని చేసినోడు నా నోట్లో మాట తీసుకునె. ఇంగ నాతో ఏం పని ఆయనకు?" అంది భర్తతో.

వాళ్ల చర్చి కట్టి వందేళ్లయిన సంవత్సరం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. "సలోమమ్మా, సృష్టి కథ లేకుండా పండగేంది? ఈసారి కెజియాతో చెప్పించు."

సలోమి కూతురి వైపు ఆశగా చూసింది. కెజియా తల అడ్డంగా ఊపింది.

"నాకు రాక కాదు మా. ప్రతి పదం నోటికొచ్చు. కానీ అది నమ్మినోళ్లు చెప్పాల్సిన కథ. నేను చెప్తే యాక్షన్ చేసినట్లుంటాది. నీ కథకు నేను ఆ పని చేయను."

సలోమి లేచి, అటక వైపు చెయ్యి చూపించి, "తంబుర దించు" అంది భర్తతో.

మైకుసెట్టు షఫీది. ప్రొద్దుటూరు నుంచి ఏటా వచ్చేవాడు. పండగరోజు ఆమె చెంపకు ఆనుకునేట్టు చిన్న మైకు తగిలించి, "అక్కా, నువ్వు ఊపిరి పీల్చినా ఊరంతా ఇనపడ్తాది, భయపడాకు" అన్నాడు.

పొద్దు గూట్లో పడే వేళకు చర్చి మైదానం నిండిపోయింది. సలోమి మొదలుపెట్టింది. ఏమీ లేని కాలం, లోతు తెలియని నీళ్లు, వాటి మీద చీకటి. ఆ గుసగుస స్పీకర్లలోంచి వస్తుంటే చీకటే మాట్లాడుతున్నట్టుంది.

దేవుడు పలికే చోటు వచ్చింది. గుమ్మెటలు ఆగాయి. సలోమి బలమంతా కూడదీసుకుని నోరు తెరిచింది. బుస్సుమని గాలి వచ్చిందంతే. మళ్లీ ప్రయత్నించింది. మెడ నరాలు తేలాయి. మాట రాలేదు. జక్కరయ్య లేచి ఆమెను పట్టుకోబోయాడు. ఆమె అతన్ని ఆపి, రెండు చేతులూ జనం వైపు చాచి నిలబడింది.

ఆడవాళ్ల చాపల మధ్య నుంచి ఒక ముసలామె లేచింది. "వెలుగు రావల్ల!" అని అరిచింది. ఆ వెంటనే మైదానమంతా లేచింది. "వెలుగు రావల్ల!" షఫీ మైదానంలోని లైట్లన్నీ ఒక్కసారిగా వేశాడు.

సలోమి కళ్లనీళ్లు తుడుచుకోలేదు, నవ్వింది. ఆ తర్వాత ఆమె వెనక్కి చూడలేదు. నేల తేలాలన్నా, చెట్టు మొలవాలన్నా, చేప ఈదాలన్నా ఆమె చెయ్యెత్తేది, జనం పలికేవాళ్లు.

మధ్యలో కెజియా తన హాస్యం వంతు అందుకుంది. "అమ్మా, సూర్యుడు పుట్టింది నాలుగోరోజు గదా, మొదటిరోజు వెలుగు యాడిది?"

"బల్బు కనిపెట్టకముందు మీ అవ్వ చీకట్లోనే సంగటి కెలికిందేమే?" గుసగుసగా వచ్చిన ఆ జవాబుకు మైదానమంతా పగలబడి నవ్వింది.

ఆరోరోజు దేవుడు మన్ను పిసికి బొమ్మను చేశాడు. సలోమి మోకాళ్ల మీద కూర్చుని, లేని ఆ బొమ్మ మీదికి వంగి ఊపిరి ఊదింది. ఎన్నో ఏళ్లుగా అరుపులతో చెప్పిన కథలో ఆ ఘట్టం అంత బాగా ఎప్పుడూ పండలేదు. ఆ ఊపిరి మైదానమంతా పాకింది. ముందు వరసలో ఒకాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

కథ అయ్యాక కెజియా తల్లిని గట్టిగా కరుచుకుంది. "ఆరు దినాలని నేను ఇంగా నమ్మను మా. కానీ ఇయ్యాల నేనూ అరిస్తి."

"నీ అరుపు ఇంటి గదే" అంది సలోమి.

ఇప్పుడు ఖాజీపేట నుంచీ కలమల్ల నుంచీ పిలుపులు వస్తున్నాయి. మొన్న డిసెంబరులో పులివెందులలో చెప్పింది. కథ ముగిసి ఆమె గజ్జెలు విప్పుతుంటే జనం కదలలేదు. "మళ్లా మొదటిరోజు నుంచి చెప్పక్కా!" అని కేకలు వేశారు.

సలోమి మళ్లీ గజ్జెలు కట్టుకుంది.